"చెప్తే చేస్తా" అనే ఇంటికి ఒక యాప్: పాలమూరులో 9 ఇళ్లతో చేసిన పని

ఇంటిపని అంటే పిల్లలకూ మగవాళ్లకూ హుషారు పుట్టించే యాప్ ఒకటి కావాలి. మాకు వచ్చిన పని ఇదీ. అడిగింది హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీ. చేసింది ఇద్దరం: డిజైన్ నాది, కోడ్ నా తోటి అతనిది. నేను ఉండేది మహబూబ్‌నగర్‌లో కాబట్టి పరీక్ష ఇక్కడే పెడదామన్నాను. మహబూబ్‌నగర్ టౌన్‌లో 5 ఇళ్లు, జడ్చర్లలో 2, దేవరకద్ర దగ్గరి ఒక ఊళ్లో 2. అన్నీ తెలిసినవాళ్ల ద్వారా ఒప్పుకున్న ఇళ్లే. ఒక ఇంట్లో ఆయన ఆర్టీసీ డ్రైవర్, ఒక ఇంట్లో కిరాణా కొట్టు, ఇంకో ఇంట్లో ఆమె అంగన్‌వాడీ టీచర్. కొన్ని ఇళ్లలో అత్తగారు కూడా ఉంటారు.

కంపెనీ ఇచ్చిన కాగితంలో మొదటి వాక్యం: ఇంటిపని ఎవరికీ నచ్చదు, దాన్ని ఆటగా మార్చాలి. మేమూ అదే నమ్మి మొదలుపెట్టాం. ఆ వాక్యం తప్పని తెలియడానికి మాకు నాలుగు వారాలు పట్టింది.

పని మొదలుపెట్టే ముందు కేంద్ర ప్రభుత్వ టైమ్ యూజ్ సర్వే లెక్కలు చూశాను. 2019 సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు చేసే మగవాళ్లే వందకు 26 మంది. 2024 సర్వేకు ఆ నిమిషాలు 289, 88 అయ్యాయి. ఆడవాళ్లకు 10 నిమిషాలు తగ్గాయి, మగవాళ్లకూ 9 తగ్గాయి. ఒకరి చేతిలో తగ్గింది ఇంకొకరి చేతికి చేరలేదన్నమాట. ఈ కాగితాన్ని నా టేబుల్ ముందు గోడకు అంటించుకున్నాను. అయినా మొదటి వెర్షన్‌లో దాన్ని సరిగ్గా చదవలేదు.

గింజలు, గుమ్మి

ఇంటిపనిని ఆటగా మార్చడం కొత్త ఆలోచన కాదు. 2007లోనే చోర్ వార్స్ అనే వెబ్ ఆట వచ్చింది, అందులో ఇల్లు ఊడిస్తే ఆటలోని మీ వీరుడికి పాయింట్లు. 2013లో మొదలైన హ్యాబిటికాలో పని చేస్తే బంగారం వస్తుంది, ఎగ్గొడితే ప్రాణం తగ్గుతుంది. కత్తులు, డ్రాగన్లు మన ఇళ్లలో నాయనమ్మలకు ఎక్కవని మేం జొన్న గింజలు పెట్టాం. పని చేసి టిక్ కొడితే గింజలు రాలతాయి, స్క్రీన్ మీద మీ పేరున్న గుమ్మి, అంటే గింజలు నిలవ చేసే గాదె, నిండుతుంది. ఆదివారం సాయంత్రం ఇంట్లో అందరి గుమ్మిలూ వరుసగా కనిపిస్తాయి. బొమ్మలు చాలా అందంగా వచ్చాయి. వాటి మీద నాకు ప్రేమ కూడా పుట్టింది.

మొదటి వారం ఇళ్లన్నీ సందడి. పిల్లలు బోళ్లు తోమడానికి పోటీ పడుతున్నారని తల్లులు ఫోన్ చేసి చెప్పారు. రెండో వారం నుంచి పిల్లలు గింజలు ఎక్కువ, పని తక్కువ ఉన్నవాటిని ఏరుకోవడం మొదలుపెట్టారు. చెప్పులు సర్దడం రోజుకు నాలుగుసార్లు జరిగింది. బాత్రూం కడగడం ఒక్కసారి కూడా జరగలేదు.

మూడో వారం మెట్టుగడ్డలోని ఒక ఇంట్లో కూర్చుని ఉన్నాను. నాయనమ్మ మంచంలోంచి మంచినీళ్లు అడిగింది. ఆరో తరగతి మనవడు తల ఎత్తి, "ఎన్ని గింజలు?" అన్నాడు. అంతకుముందు అవ్వ అడిగితే వాడు ఆట ఆపి లేచేవాడని వాళ్లమ్మ చెప్పింది. ఆ పిల్లాడిని ఎవరూ తప్పు పట్టడానికి లేదు. ఆ ప్రశ్న వాడి నోట్లో పెట్టింది నా డిజైన్.

ఇలా అవుతుందని మనస్తత్వ శాస్త్రంలో ఎప్పటి నుంచో తెలుసు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు, బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత బహుమతి లేనప్పుడు మిగతా పిల్లలకన్నా తక్కువ గీశారు. 2000లో వచ్చిన ఇంకో అధ్యయనం ఇజ్రాయెల్‌లోని హైఫాది. పిల్లల్ని చూసుకునే కేంద్రాల నుంచి తల్లిదండ్రులు ఆలస్యంగా తీసుకెళ్తుంటే జరిమానా పెట్టారు. ఆలస్యాలు ఇంకా పెరిగాయి. మాట పడతామన్న మొహమాటం పోయి, అది డబ్బు కట్టి కొనుక్కునే సేవ అయిపోయింది. జరిమానా ఎత్తేసినా పాత పద్ధతి తిరిగి రాలేదు. మాకూ అదే అనుభవం. ఆ ఇంట్లో గింజలు తీసేసిన మూడు వారాల తర్వాత కూడా పిల్లాడు "దీనికేం వస్తది?" అని అడుగుతూనే ఉన్నాడు. మెట్టుగడ్డ ఇంటి విషయంలో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒక్క ఫోన్ నుంచి వచ్చిన టిక్‌లు

ఇంత జరుగుతున్నా లెక్కల్లో మాత్రం యాప్ బాగా పనిచేస్తున్నట్టే కనిపించింది. నాలుగో వారం చార్టులో పూర్తయిన పనులు మూడో వారంకన్నా ఎక్కువ. కంపెనీ వాళ్లు సంతోషించారు. అనుమానం వచ్చింది నా తోటి అతనికి. ప్రతి టిక్‌తో పాటు అది ఏ ఫోన్ నుంచి వచ్చిందో మా సర్వర్‌లో నమోదవుతుంది. చాలా ఇళ్లలో పిల్లలకు సొంత ఫోన్ ఉండదు కాబట్టి ఒకరి పేరు మీద ఇంకొకరు టిక్ కొట్టే వీలు పెట్టాం. ఒక ఇంట్లో నలుగురి టిక్‌లూ రాత్రి పదిన్నర దాటాక, రెండు నిమిషాల్లో, ఒకే ఫోన్ నుంచి వస్తున్నాయి. అది అమ్మ ఫోన్.

పద్మావతి కాలనీలోని ఆ ఇంటికి వెళ్లి మెల్లగా అడిగాను. ఆమె దాచలేదు. "పిలగాని గుమ్మి ఖాళీగ కనబడితే వాళ్ల నాయిన గుస్స అయితడు. ఇంట్ల లొల్లి ఎందుకని నేనే కొడుతున్న అక్కా." పని చేసేది ఆమె. చేసినట్టు కొడుకు పేరు రాసేదీ ఆమె. పండుకునే ముందు ఆమెకు మేం ఇంకో పని పెట్టాం. మిగతా ఇళ్ల లెక్కలు మళ్లీ తీస్తే తొమ్మిదింటిలో ఐదిళ్లలో ఎంతో కొంత ఇదే కథ.

ఆ రాత్రి కంపెనీకి ఫోన్ చేసి గింజలు తీసేస్తున్నామని చెప్పాం. ఒప్పించడానికి వారం పట్టింది. బొమ్మలు బాగున్నాయని వాళ్లకూ అనిపించింది మరి.

యాది ఎవరిది?

ఆ తర్వాత డిజైన్ పక్కన పెట్టి, మూడిళ్లలో పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా ఊరికే కూర్చున్నాను. ఎవరు ఏ పని చేస్తున్నారో రాయలేదు. ఎవరు ఎవరికి ఏం చెప్తున్నారో రాశాను. జడ్చర్ల ఇంట్లో ఒక్క పొద్దునకే నోట్‌బుక్‌లో రెండు పేజీలు నిండాయి. "నల్లా వచ్చే టైమైంది, మోటర్ ఎయ్యి." "అవ్వ గోలీలు ఏసుకున్నదా చూడు." "ఎల్లుండి కరెంటు బిల్లుకు ఆఖరు." "చెత్త బండి సప్పుడు అయితున్నది, బయట పెట్టు." "జొన్నపిండి అయిపోయింది, వచ్చేటప్పుడు గిర్నికి పొయ్యి రా." రెండు పేజీల్లో మూడు మాటలు తప్ప అన్నీ ఆమెవే.

ఇంట్లో మగవాళ్లు మొండికేయలేదు. చెప్పిన పని చేశారు. డ్రైవర్ అన్న నాతో అన్నాడు: "నేను కాదంటనా? యాది చేస్తే చేస్త." ఆయన కొడుకును సిలిండర్ ఎందుకు బుక్ చేయలేదంటే, "నాకేం ఎర్క? చెప్తే చేస్తుంటి గద" అన్నాడు. ఈ మాట తొమ్మిదిళ్లలోనూ ఏదో ఒక రూపంలో విన్నాను. అబద్ధం కాదు, నిజంగానే వాళ్లకు ఎరుక లేదు. పనిని చూడడం, యాది పెట్టుకోవడం, ఎవరికి చెప్పాలో ఆలోచించడం, చెప్పడం, చేశారా లేదా మళ్లీ చూడడం, ఇవన్నీ ఒక్క మనిషి తల మీద ఉన్నాయి. చేతులు పంచుకున్న ఇంట్లో కూడా తల పంచుకోలేదు.

అంగన్‌వాడీ టీచర్ ఒక మాట అంది. బడిలో పిల్లల తూకం, గుడ్లు, రిజిస్టర్ అన్నీ చూసుకుని ఇంటికొస్తే ఆమెకు బోళ్లు తోమడం భారం కాదట. బోళ్లు తోముతూ రేపటి ఆరు పనులు లెక్కపెట్టుకోవడం భారమట. ఇంటిపనికి హుషారు కావాలని మేం అనుకున్నాం. ఆమెకు కావలసింది తలకు కొంచెం సందు.

జిమ్మా

రెండో వెర్షన్‌లో పనుల జాబితా లేదు. పని బదులు జిమ్మా, అంటే బాధ్యత, పెట్టాం. ఇక్కడ అందరూ వాడే మాట అదే: "అది నా జిమ్మా." నల్లా జిమ్మా, సిలిండర్ జిమ్మా, చెత్త జిమ్మా, బోళ్ల జిమ్మా, గిర్ని జిమ్మా, బిల్లుల జిమ్మా, గోలీల జిమ్మా. జిమ్మా తీసుకున్నవాళ్లదే చూడడం, యాది పెట్టుకోవడం, చేయడం, అన్నీ. సిలిండర్ జిమ్మా అంటే డెలివరీ అబ్బాయి వచ్చినప్పుడు పట్టుకుని లోపల పెట్టడం ఒక్కటే కాదు. కొత్తది ఎక్కించిన రోజు గుర్తించాలి, బుక్ చేయాలి, పైసలు సిద్ధంగా ఉంచాలి.

ఇందులో మేం ఎక్కువగా కొట్లాడుకున్న నిర్ణయం ఒకటుంది. రిమైండర్ జిమ్మా ఉన్నవాళ్లకు మాత్రమే పోతుంది. అమ్మకు పోదు. కోడ్ రాసే అతను అమ్మకూ ఒక కాపీ పంపుదామన్నాడు, తల్లులు కూడా అదే అడిగారు. నేను ఒప్పుకోలేదు. ఆమెకు పోతే ఆమె చెప్తుంది. ఆమె చెప్తే కొడుకు ఫోన్ చూడడు, ఆమె మాట కోసమే ఎదురు చూస్తాడు. మళ్లీ మొదటికే.

దీనికి ఒక ధర ఉంది, పని తప్పితే తప్పనివ్వాలి. ఒక ఇంట్లో కొడుకు సిలిండర్ మరిచిపోయాడు, పొద్దున పప్పు సగం ఉడికి మంట ఆగింది. పక్కింటి పొయ్యి మీద వండి పంపారు. ఆమె నాకు కోపంగా ఫోన్ చేసింది, అది న్యాయమే. కొడుకు ఆ రోజే ఏజెన్సీకి రెండుసార్లు తిరిగాడు. తర్వాత నేను చూసినంత కాలం సిలిండర్ సంగతి ఆ ఇంట్లో ఆమె నోటి నుంచి రాలేదు. అయితే అన్ని జిమ్మాలనూ ఇలా తప్పనివ్వకూడదు. నాయనమ్మ బీపీ గోలీ తప్పితే పాఠం ఏమీ లేదు, ప్రమాదమే. కాబట్టి గోలీల జిమ్మాకు మాత్రం ఇద్దరిని పెట్టాం. అరగంటలో మొదటివాళ్లు టిక్ కొట్టకపోతే రెండోవాళ్ల ఫోన్ అలారంలా మోగుతుంది. ఆ రెండో మనిషి తల్లి కాకూడదని నియమం పెట్టలేదు కానీ, యాప్ ముందుగా వేరే పేరే చూపిస్తుంది.

ఎప్పుడు గుర్తు చేయాలన్నది ఇంకో పెద్ద పాఠం. నేను చూసిన పనుల యాప్‌లలో ఎక్కువ భాగం క్యాలెండర్ మీద నడుస్తాయి: ప్రతి సోమవారం, ప్రతి ఉదయం 7 గంటలకు. బీజే ఫాగ్ అనే పరిశోధకుడు 2009లో చెప్పిన నమూనా ప్రకారం మనిషి ఒక పని చేయాలంటే కోరిక, చేయగలగడం, గుర్తు చేసే సూచన మూడూ ఒకే క్షణంలో కలవాలి. మా ఇళ్లలో ఆ క్షణం గడియారంలో ఉండదు. నల్లా ఒకరోజు ఆరింటికి వస్తుంది, ఒకరోజు ఏడున్నరకు. చెత్త బండి పాట వినపడ్డప్పుడే చెత్త పని. అందుకని టైముల బదులు గుర్తులు పెట్టాం. నల్లా శబ్దం ముందుగా విన్నవాళ్లు ఎవరైనా "నల్లా వచ్చింది" అనే పెద్ద బటన్ నొక్కితే, నల్లా జిమ్మా ఉన్నవాళ్ల ఫోన్ మోగుతుంది. మొత్తం యాప్‌లో ఎక్కువగా వాడింది ఈ బటనే. చాలాసార్లు నొక్కింది నాయనమ్మలు. ఊడ్వలేరు, బిందె ఎత్తలేరు, కానీ చెవి వాకిట్లోనే ఉంటుంది. మంచం మీద నుంచి ఇంటిని నడిపిస్తున్నామన్న సంతోషం వాళ్ల మొహంలో చూశాను.

యాప్ ఏ మాటలతో మాట్లాడాలి

తెలుగులో యాప్ రాసేవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు. "తోము" అంటే తాతకు కోపం, "తోమండి" అంటే ఏడేళ్ల పిల్లకు వింత. ఒకే స్క్రీన్ ఇంటిల్లిపాదీ చూస్తారు. పైగా ఆజ్ఞలా ఉంటే యాప్ అమ్మ గొంతుతో అరుస్తున్నట్టే ఉంటుంది. మా యాస దారి చూపించింది: బోళ్లు తోముడు, వాకిలి ఊడ్చుడు, బట్టలు ఆరేసుడు, మోటర్ బంద్ చేసుడు. ఇది పని పేరు మాత్రమే. ఎవరు ఎవరికి చెప్తున్నారన్న ప్రశ్న ఉండదు, మర్యాద చిక్కు రాదు. జడ్చర్ల తాత మొదటిసారి చదివి, "ఇది మనోళ్లు రాసినట్టే ఉన్నది" అన్నాడు.

గింజలు పోయాక, చేసినవాళ్లకు ఒక మంచి మాట అందించే బటన్ కావాలనుకున్నాం. "ధన్యవాదాలు" పెడితే ఎవరూ నొక్కలేదు, ఇంట్లోవాళ్లకు ఎవరు చెప్పుకుంటారు? "శభాష్" పెడితే పెద్దవాళ్లు పిల్లలకు నొక్కారు కానీ కోడలు మామకు ఎలా నొక్కుతుంది? ఆఖరికి ఒక తల్లి మాట్లాడుతుంటే దొరికింది: "నేను చేసిన పని ఎవలన్న చూసిన్రా అని ఉంటది." బటన్ మీద "చూసిన" అని రాశాం. అంతే. పెద్దా చిన్నా ఎవరైనా ఎవరికైనా నొక్కచ్చు. డ్రైవర్ అన్న నైట్ హాల్ట్‌లో ఉన్నప్పుడు యాప్‌లో ఇంటి పేజీ తెరిచి ఒక్కొక్క పనికీ "చూసిన" నొక్కేవాడు. పొద్దున లేచి చూసేసరికి తన పేరు మీద అవి ఉంటే ఏదోలా ఉండేదని ఆయన భార్య చెప్పింది, అంతకుమించి చెప్పలేదు.

చేసిన పనికి ఫోటో పెట్టమనడం రెండు రోజుల్లో తీసేశాం. సర్దని వంటిల్లు ఫోన్‌లోకి ఎక్కడం ఆడవాళ్లకు నచ్చలేదు.

ఫోన్ల సంగతి త్వరగా చెప్తాను. తక్కువ ధర ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి, రిమైండర్ రానే రాదు. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కు ముందే అనుమతి అడగాలి, చాలామంది తెలియక వద్దని నొక్కేస్తారు. మొదటి రోజు ప్రతి ఇంట్లో కూర్చుని ఈ రెండు సెట్టింగులూ మేమే చేశాం. ఊళ్లో సిగ్నల్ పోయినా టిక్ ఫోన్‌లోనే నిలిచి తర్వాత చేరేలా రాశాం.

బతుకమ్మ దినాలు

రెండో పరీక్ష అనుకోకుండా బతుకమ్మ, దసరా మీద పడింది. ఇల్లు దులుపుడు, సున్నం, పిండివంటలు, చుట్టాలు. ఇంటిపని ఏడాదిలో ఎక్కువగా ఉండే దినాలు అవే, సాయంత్రాలు ఆడవాళ్లకు బయట ఉండాలనిపించే దినాలూ అవే. దేవరకద్ర వైపు ఊళ్లో తొమ్మిదో తరగతి పిల్లాడు పూల జిమ్మా అడిగి తీసుకున్నాడు. పొద్దున్నే చెలకల వెంట తిరిగి తంగేడు, గునుగు తెచ్చేవాడు. సద్దుల నాడు వాళ్లమ్మ సాయంత్రం అయిదున్నరకే తయారై వాకిట్లో నిలబడి ఉంది. పోయిన ఏడాది ఆమె వెళ్లేసరికి ఆట సగమైందట. గింజలతో ఎప్పుడూ చూడని ఫలితం నాకు అక్కడ కనిపించింది, దానికి చార్టు లేదు.

లెక్కలకొస్తే, పరీక్ష చివరికి తొమ్మిదిలో ఆరిళ్లు యాప్ వాడుతూనే ఉన్నాయి. రెండిళ్లు మానేశాయి. ఆ రెండూ అత్తాకోడళ్లున్న ఇళ్లే. కోడలు ఎవరికైనా జిమ్మా ఇవ్వడమంటే ఆ ఇంట్లో ఎదురు మాట్లాడినట్టే. దీనికి నా దగ్గర డిజైన్ లేదు. మూడో ఇంటివాళ్లు పనికోసం పుణెకు వెళ్లిపోయారు.

వాడుతున్న ఆరిళ్లలో తల్లుల జిమ్మాలు తగ్గాయి. సంబరపడబోయి, ఈసారి ఎవరికి చేరాయో చూశాం. నాలుగిళ్లలో ఎక్కువ భాగం కూతుళ్లకు చేరాయి. జడ్చర్లలో ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి పేరు మీద ఆరు జిమ్మాలు, డిగ్రీ చదివే అన్న పేరు మీద రెండు, అవీ నెలకోసారి వచ్చేవి. యాప్ తల్లి మీద భారం తగ్గించింది, దాన్ని తెచ్చి ఆ పిల్ల పుస్తకాల మీద పెట్టింది. ఇది మేం ముందే ఊహించాల్సింది.

ఇప్పుడు నడుస్తున్న మూడో వెర్షన్‌లో జిమ్మాలు చీటీలతో పంచుతాం. చీటీలు వేసి తీయడం ఇక్కడ అందరికీ తెలుసు, చీటీ తీస్తే అందులో ఏది వస్తే అదే. రోజూ ఉండేవి ఒక డబ్బాలో, అప్పుడప్పుడు వచ్చేవి ఇంకో డబ్బాలో వేసి, ఒకటో తారీఖున ఇంట్లో పెద్దవాళ్లు స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కొక్కరి పేరు మీద తీస్తారు. ఇద్దరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చు. మళ్లీ తీసే బటన్ లేదు.

మొన్న ఒకటో తారీఖు నేను జడ్చర్ల ఇంట్లోనే ఉన్నాను. నాయనమ్మ తీసింది. బోళ్లు మనవడికి వచ్చాయి. "మొగపిలగానికి వచ్చింది, మళ్ల తీస్త బిడ్డా" అంది. మనవరాలు ఫోన్ ఆమె చేతికే ఇచ్చింది.

"బటన్ ఏడుందో చూడు అవ్వా."

నాయనమ్మ కళ్లద్దాలు పెట్టుకుని కింది దాకా వెతికింది. అన్న లేచి బోళ్ల దగ్గరికి పోయాడు.